ఆపా బెరళ్ళ మీద కాగిన చాయ్

ఆపా సంతాప సభల మాకు చాయ్ పోసిన్రు. ఆ చాయ్ కాగింది ఆపా బెరళ్ళ మీద. ఏండ్లకేండ్లు అడవి తిరిగి, చెట్టుచెట్టుకు అరచెయ్యంత ముక్క తీసి, నీడకు ఎండబెట్టి, కాలేజీ ల్యాబుల దాచిన బెరళ్ళవి. వాటిని బొగ్గుల పొయ్యి రాజెయ్యడానికి వాడిన్రు. మనిషిని మట్టిల పెట్టిన తడి ఇంక ఆరలేదు. చచ్చిపోయినోళ్ళ గురించి రాసేటప్పుడు ముందు నాలుగు మంచి మాటలు రాయాలె అంటరు. మంచి మాటలు ఉన్నయి, రాస్త. గని ముందు ఇది రాయకుంటే నాకు అవి రావు.

ఆపా అంటే అక్క. వాళ్ళింట్ల దక్కనీ మాట్లాడుతరు, తమ్ముడు పిలిచే పిలుపే మా గల్లీ అంతకు పిలుపైంది. గోదావరిఖనిల ఒక ప్రైవేటు కాలేజీల బాటనీ చెప్పేది. నేను బాయి మీద ల్యాంపు రూంల పనిచేస్త. పదో తరగతి తప్పి నాయిన జాగల నౌకరిల చేరిన. బొగ్గు బాయిలకు దిగేటోళ్ళకు నెత్తి దీపం, నంబరు కొట్టిన బిళ్ళ ఇచ్చుడు, ఎక్కి వచ్చినంక రెండూ వాపస్ తీసుకొని బిళ్ళను బోర్డు మేకుకు తగిలించుడు నా డ్యూటీ. ఆపాకు మాకు చుట్టరికం లేదు. రెండిండ్లకు గోడ ఒక్కటే.

కబురు తెచ్చింది ఆమె తమ్ముడే. స్కూటర్ల మెకానిక్కు, మేం భాయ్ అంటం. ఫస్టు షిఫ్టోళ్ళు దిగుతున్నరు, భాయ్ కూడ వాళ్ళ నడుమ వరుసల నిలవడ్డడు, బిళ్ళ కోసం వచ్చినోని లెక్క. కిటికిల చెయ్యి పెట్టిండు. ఆ చెయ్యికి గ్రీసు లేదు. నాకు ఎరికైనప్పటి నుంచి భాయ్ చేతులు సాఫుగ చూసింది అదే మొదలు. అప్పుడే నాకు ఏదో సమజైంది.

"ఆపా పోయింది రా," అన్నడు. "పొద్దుగాల చాయ్ పెట్టుకున్నది. తాగలే. గుండె."

ఎనుక నిలవడ్డోళ్ళు ఏందన్నా ఏందన్నా అంటున్నరు. నేను బిళ్ళలు ఇచ్చుకుంటనే ఉన్న. డ్యూటీ ఆగదు గద.

ఖబరస్తాన్ల మట్టి పోసినంక భాయ్ పక్క చెట్టు కొమ్మ ఇరిచి తల దిక్కు పెట్టిండు. నేను ఆకు చూసిన. కానుగ లెక్క ఉన్నది అనుకున్న. ఆపా ఉంటే ఊకోకపోవు. "లెక్క ఉన్నది అనకు రా. చూసి చెప్పు, లేకుంటే తెల్వదని చెప్పు. నడుమ మాట నక్కో, వద్దు." ఆమెకు నడుమ మాట పడకపోవు.

ఆపా దగ్గరికి నేను సదువు కోసం పోలే. అమ్మకు రక్త విరేచనాలు పట్టుకుంటే పోయిన. మా దిక్కు దానికి కొడిశపాల బెరడు కషాయం తాగుతరు. మంచిర్యాల అంగట్ల ఒక అవ్వ దగ్గర బెరడు కొన్నం. అమ్మ తాగుతనే ఉన్నది, గుంజుకపోతనే ఉన్నది. ఆ వాసన గోడ అవతలికి పోయింది. ఆపా వచ్చి గిన్నెల తొంగి చూసింది. "ఏం ఉడకవెట్టిన్రు ఇది?" అని ఒక ముక్క అడిగి తీస్కపోయింది.

నేను ఎంబడే పోయిన. వంటింట్ల, పప్పు దంచే రోట్లనే దంచింది. దాంట్ల ఏదో పుల్లటి నీళ్ళు పోసి, వడగట్టి, చిన్న గాజు గొట్టంల పోసింది. ఇంకో గొట్టంల తన దగ్గర ఉన్న కొడిశపాల రసం. రెండిట్ల ఒక్కొక్క చుక్క మందు ఏసింది. ఆమె గొట్టంల నారింజ రంగు మడ్డి దిగింది. మాదాంట్ల ఏం దిగలే.

"ఇది అంకుడు," అన్నది. "ఇరిస్తే పాలు అట్లనే వస్తయి, పువ్వు అట్లనే తెలుపు, జంట కాయలు అట్లనే. మందు మాత్రం దీంట్ల లేదు. నువ్వు మీ అమ్మకు వట్టి కట్టె నీళ్ళు తాపుతున్నవ్. చెట్టు పంచాది తర్వాత చూద్దాం, దవాఖానకు జల్ది నడువు."

భాయ్ స్కూటరు తీసిండు, నడుమ అమ్మను కూసోవెట్టుకున్నం. దవాఖానల సెలైను ఎక్కిచ్చిన్రు. ఇంకో దినం ఆగితే చేతికి రాకపోవు అన్నడు డాక్టరు. మా అమ్మ ఇయ్యాల ఇంట్ల కూసోని బియ్యం ఏరుతున్నదంటే ఆ గొట్టంల దిగని మడ్డి వల్లనే.

అమ్మ లేచినంక ఆపా నన్ను మంచిర్యాల తీస్కపోయింది. కొట్లాటకు పోతున్నమనే అనుకున్న. అవ్వ ముంగట గొంతుకూసుంది ఆపా.

"నా ఎంటికలు ఈ బెరళ్ళమ్మే నెరిసినయి," అన్నది అవ్వ. "చెట్టు నాకు తెల్వదా బిడ్డా?"

"తెల్వదని నేను అంటలేను అవ్వా. కొట్టింది ఎవరు?"

"నా అల్లుడు."

"ఆకు ఉన్నప్పుడు కొట్టిండా, రాలినంక కొట్టిండా?"

"ఎండకాలం ఆకేడుంటదమ్మా?"

"ఐతే ఒక ముక్క నోట్లేసుకో."

అవ్వ నమిలింది. ఇంకింత నమిలింది. కొడిశపాల చేదు కోసం చూస్తున్నది, రాలే. "గాడిది కొడుకు," అని తుప్పుక్కున ఉమిసి, గంప బోర్లించింది. "పిల్లనిచ్చేటప్పుడు గూడ నాకు గిట్లనే చెప్పిండ్రు, మంచోడు మంచోడని. వాన్ని గూడ నమిలి చూస్తే అయిపోవు." అంగడంత నవ్వింది. ఆపా ఎక్కువ నవ్వింది.

వచ్చేటప్పుడు బస్సుల అడిగిన, నాలుకే చెప్తది గద, నీ సీసాలెందుకు అని. "నాలుక ఒక్కనాటి సాక్షి," అన్నది. "బెల్లం తిన్ననాడు మాట మారుస్తది. అయినా, ముష్టి చెట్టును గూడ గిట్లనే నమిలి చూస్తవా? నమిలినంక చెప్పడానికి నువ్వుంటవా?"

అట్ల మొదలైంది నా సదువు.

చెట్టును గుర్తుపట్టాలంటే పువ్వు కావాలె, కాయ కావాలె అని పుస్తకాల ఉంటది. మా దిక్కు చెట్లు ఏడాదికొకసారి పూస్తయి, అది గూడ అందనంత పైన. ఎండకాలం అడవి అంతా ఒక్క తీరు మోడు. ఆపై ఆ చెట్టు పూసేదాక ఉంటదో, బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గుంతల పోతదో ఎవలు చెప్పాలె. "పువ్వు చుట్టం రా. వచ్చినప్పుడు వస్తది. బెరడు ఇంటి మనిషి, ఎప్పుడు తలుపు కొట్టినా పలుకుతది." అందుకే ఆమె చెట్టు లోపలి రసం పట్టుకున్నది. ఏ చెట్టుల ఏ పదార్థం ఉన్నది, దాన్ని బట్టి ఏది దేనికి చుట్టం అనేది ఆమె లెక్క.

ఒగరు ఉన్న చెట్లకు ఇనుప ద్రావకం చుక్క ఏసేది. ఇనుప కత్తితోని ఉసిరికాయ కోస్తే నల్లవడ్తది సూడు, గదే. ఐతే ఆ నలుపుల రెండు జాతులున్నయి. ఒకటి నీలం నలుపు, ఒకటి పచ్చ నలుపు. నాకు మొదట్ల రెండూ బొగ్గే. తెల్ల గిన్నెల పోసి, ఎండల పెట్టి, కండ్లు గుంజేదాక చూపిచ్చేది. ఒకనాడు తేడా కనవడ్డది. ఆనాటి నుంచి నాకు నలుపు అంటే ఒక్క రంగు కాదు. బొగ్గుల బతికేటోనికి ఇది చిన్న సంగతి కాదు.

సెలవు దినం నన్ను కాలేజీ ల్యాబుకు తీస్కపోయేది, అక్కడ పెద్ద గాజు జాడి ఉండేది. అడుగున సిర్కా వాసన, అచార్ల పోసే వెనిగరు వాసన కొట్టే ద్రావకం. పొడుగు వడపోత కాయితం కింద మూలకు చెట్టు రసం చుక్క పెట్టి జాడిల వేలాడగట్టేది. ద్రావకం కాయితాన్ని పట్టుకొని పైకి పాకుతది. రసంల ఉన్నయన్ని దాని ఎంబడి పోతయి, ఒక్కోటి ఒక్కో కాడ ఆగుతది. ఎండినంక అమ్మోనియా సీసా మూతి మీద పెడ్తే, అప్పటిదాక కండ్లకు ఆనని చుక్కలు పసుపుపచ్చగ లేస్తయి.

"సమజ్ అయిందా?" అన్నది.

"కాలే."

"మీ బాయి షిఫ్టు విడిచినట్టే రా. అందరు ఒక్కసారే గేటు దాటుతరు. కొందరు చాయ్ బండి కాడ ఆగుతరు, కొందరు అంగడి కాడ, కొందరు సీద ఇంటికి పోతరు. ఎవడు ఎక్కడ ఆగిండో చూస్తే వాడెవడో చెప్పొచ్చు."

"కల్లు కాంపౌండు కాడ ఆగినోళ్ళో?"

"వాళ్ళు చుక్క పెట్టిన కాన్నే ఉంటరు. పైకి రారు."

మొఖం చూసి చుట్టరికం కలపొద్దు, రసం చూసి కలపాలె అనేది ఎప్పుడూ. నేను ఆ మాట పట్టుకొని ఒకసారి ఎగిరిన. రెండు చెట్లల్ల ఒక్కటే పదార్థం ఉంటే అవి చుట్టాలే గద అన్న. ఆపా చేతిల చాయ్ కప్పు ఉండె. "దీంట్ల నిద్ర ఆపే మందు ఏదున్నదో కాఫీల గూడ అదే ఉన్నది. చాయ్, కాఫీ చుట్టాలా? కాదు. ఒక్క సాక్షి చెప్పంగనే తీర్పు ఇయ్యకు. రసం ఒక సాక్షి. పువ్వు వచ్చినప్పుడు దాన్ని గూడ అడుగు." రసం చెప్పింది నమ్ముకొని ఒక చెట్టుకు పేరు పెట్టి, మళ్ళ ఏడాది అది పూసినంక తప్పని తేలితే, క్లాసుల పిల్లలందరి ముంగట, నేను తలుపు కాడ చూస్తుండంగ, పాత పేరు తుడిచి కొత్త పేరు రాసింది. ఆమె ముఖం ఏం మారలే. నా ముఖమే మారింది.

ఆమె దేవతేం కాదు. ముక్కు మీద కోపం. అన్నం మాడవెట్టేది. భాయ్ స్కూటరు సీటు మీద ద్రావకం ఒలుకవోసి బొక్క చేసింది. భాయ్ గొణిగేది: "ఊరంతల మా ఇంట్లనే సిర్కా వాసన. అచార్ మాత్రం ఎన్నడు లేదు." ఆపా ఇనవడనట్టు ఉండేది. ఒకనాడు నిజంగనే మామిడికాయ తొక్కు పెట్టింది. దాన్ని ఎవ్వరు తినలేకపోయిన్రు.

ఒకపారి నాకు అన్నం డబ్బ ఇయ్యడానికి ల్యాంపు రూం కాడికి వచ్చింది. అమ్మ పంపింది. కిటికి అవతల నిలవడి బోర్డు చూస్తున్నది. మేకులు, వాటికి బిళ్ళలు, నడుమ నడుమ ఖాళీలు.

"ఖాళీగున్నయి ఏంది?"

"వాళ్ళు కింద ఉన్నరు."

"షిఫ్టు అయిపోయినంక గూడ ఖాళీగుంటే?"

"ఎవ్వలం ఇంటికి పోం. బిళ్ళ దొరికేదాక, మనిషి దొరికేదాక."

ఆ ఆదివారం ఆపా భాయ్‌తోని నూనె డబ్బల రేకు కత్తిరిపిచ్చింది. నేను మొలతోని నంబర్లు కొట్టిన. ఒక బిళ్ళ చెట్టుకు తీగతోని కట్టుడు, అదే నంబరు బిళ్ళ దాని బెరడుకు కట్టుడు. గుంతల కోసం చెట్లు కొట్టేటోళ్ళకు చెప్పి పెట్టింది, కొట్టే ముందు బిళ్ళ ఇప్పి ల్యాంపు రూంల ఇయ్యిన్రి అని. వాళ్ళు తెచ్చి నా కిటికిల పెట్టేది. నేను ఆపాకు ఇచ్చేది. ఆమె ఆ బిళ్ళను తీస్కపోయి బెరడుకు రెండో బిళ్ళగ కట్టేది. రెండు బిళ్ళలున్న బెరడు అంటే, ఇంక చెట్టు లేదు, ఇదే ఉన్నదని అర్థం. ఏడాదేడాదికి రెండు బిళ్ళలయి ఎక్కువైనయి.

ఏడ్సుడు లేదు, ఎవ్వలను తిట్టుడు లేదు. పొయ్యిల బొగ్గు ఏసుకుంట ఒకసారి అన్నది: "ఇది గూడ చెట్టే రా. అప్పుడు దీని పేరు రాసుకునేటోళ్ళు లేకుండె. ఇప్పుడు మనం ఉన్నం."

ఇగ సభ సంగతి. కాలేజీల పెట్టిన్రు. ఫోటోకు దండ ఏసిన్రు. ప్రిన్సిపాల్ సారు మాట్లాడుతున్నడు. ఆమె సేవ మరువలేనిది, లోటు తీరనిది అంటున్నడు. నడుమ కమ్మటి పొగ వాసన వచ్చింది, సాంబ్రాణి లెక్క. ముందు వరుసోళ్ళు ఎవరో ఊదు ముట్టిచ్చిన్రు అనుకొని తలలూపిన్రు. సారు గూడ ఆగి, గాలి పీల్చి, మళ్ళ అందుకున్నడు.

అది ఊదు కాదు. అందుగు బెరడు కాలితే ఆ వాసన వస్తది. ఆపా నాకు చిన్న పలుకు కాల్చి చూపిచ్చింది ఒకసారి, ఒక్క పలుకు, ఎక్కువ అడిగితే చెయ్యి మీద కొట్టింది.

నేను లేచి ఎనుకకు పోయిన. బొగ్గుల పొయ్యి మీద పెద్ద గిన్నెడు చాయ్ కాగుతున్నది. పక్కన ఇనుప పెట్టె మూత తీసి ఉన్నది, అడుగు దాక ఖాళీ. ఇంకో పెట్టె గోడకు, తాళం ఏసి ఉన్నది. అటెండరు ఇసురుకర్రతోని ఇసురుతున్నడు.

"ఏం చేస్తున్నవ్?"

"బొగ్గు రాజుకుంట లేదన్నా. ల్యాబు ఖాళీ చెయ్యమన్నడు సారు. ఎండు కట్టె ముక్కలు ఉన్నయి గదా అని..." నా మొఖం చూసి ఇసురుడు ఆపిండు. "ఏమైందన్నా?"

వాన్ని నేను ఏమంట? మా ఊర్ల ప్రతి ఇంట్ల బొగ్గుల పొయ్యే. ప్రతి పొద్దు ఆడోళ్ళు చెక్క పలుకులతోనే రాజేస్తరు. మా అమ్మ గూడ గదే చేస్తది. ఎండు బెరడు కనవడితే మా చేతులు పొయ్యి దిక్కే పోతయి. వాడు చేసింది ఇక్కడ పుట్టినోడు ఎవడైనా చేసేదే. ఆ పెట్టెల ఏమున్నదో వానికి చెప్పాల్సినోడు చెప్పలే. వాన్ని ఎవ్వరు ఏమనొద్దు, ఈ రాతల ఆ సంగతి గట్టిగ రాస్తున్న.

నీళ్ళు చల్లి పొయ్యి ఆర్పిన. బూడిద గెలికిన. బెరడు ఒక్కటి మిగలలే. రేకు బిళ్ళలు మిగిలినయి, నల్లగ, జంటలు జంటలుగ.

ప్రిన్సిపాల్ సారు వచ్చిండు. సంగతి చెప్పిన.

"చెక్క ముక్కలే కద బాబూ," అన్నడు. "కంప్యూటర్లు వస్తున్నయి, ల్యాబు కావాలె. ఆ ఇంకో పెట్టె గూడ ఈ సెలవులల్ల తీసేస్తం."

"తీసేసుడు ఎందుకు సారు, మాకియ్యిన్రి. తమ్మునికియ్యిన్రి."

"అది కాలేజీ ఆస్తి. అట్ల ఇయ్యరాదు."

"ఆస్తి ఐతే ఎట్ల కాలవెట్టిన్రు?"

నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. "అసలు నువ్వెవరు? స్టూడెంటువా? ఆమెకు చుట్టానివా?"

మొఖం చూసి చుట్టరికం అడిగిండు. ఆపా ఉంటే నవ్వేది. నాకు నవ్వు రాలే. భాయ్ వచ్చి నా రెక్క పట్టుకొని బయటికి గుంజుకపోయిండు, లేకుంటే ఏం జరుగునో తెల్వదు. ఆనాటి నుంచి భాయ్ రెండు సార్లు పోయిండు, నేను పోయిన. చూద్దాం అన్నరు. కమిటీల పెడ్తం అన్నరు. నడుమ మాటలు.

చదివేటోళ్ళకు ఒక సంగతి సాఫుగ చెప్తున్న. ఆ చెట్లు ఇంక లేవు. వాటి బెరళ్ళు సగం చాయ్ కింద పోయినయి. తాళం ఏసిన పెట్టెల ఉన్నయే ఇప్పుడు మిగిలినయి. రేపు ఎవరన్నా ఒక మోడు చెట్టు ముంగట నిలవడి ఇదేంది అని అడిగితే, పక్కన పెట్టి చూసుకోవడానికి ఒక తెలిసిన బెరడు ఉండాలె. మా అమ్మ, అట్ల తెలిసిన బెరడు ఆపా ఇంట్ల ఉండబట్టే బతికింది.

బూడిదల ఏరిన బిళ్ళలను కడిగిన. ఇంట్ల ఒక పలక గోడకు కొట్టి, మా ల్యాంపు రూం తీరుగ మేకులు దిగ్గొట్టి తగిలించిన. కాలిపోయినయన్ని పైన. కింద మేకులన్ని ఖాళీ. అవి పెట్టెల ఉన్నోళ్ళ కోసం. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు తలుపు తీస్తే గాలికి పైనయి కదులుతయి, రేకు రేకుకు తాకి సప్పుడైతది. కింద మేకులకు సప్పుడు లేదు.

కాలేజీ కమిటీ పెద్దలు, ప్రిన్సిపాల్ సారు ఇది చదువుతరు, చదివిపిస్తం. మేం అడిగేది ఇది. ఆ పెట్టెను తాళం తియ్యకుంట, ఉన్నది ఉన్నట్టు, ఆపా తమ్మునికి అప్పజెప్పాలె. సంతాప సభ పెట్టిన ఆ హాలుల్నే నిలవడి, ఆ చాయ్ దేని మీద కాగిందో, ల్యాబు ఖాళీ చెయ్యమన్నది ఎవరో చెప్పాలె. వచ్చే జీతాల రోజు, ఫస్టు షిఫ్టు ఎక్కి వచ్చే టైము దాక చూస్తం. అటెన్క షిఫ్టు ఎక్కి వచ్చినోళ్ళం వచ్చినట్టే, మసి కడుక్కోకుంట మీ గేటు కాడికి వస్తం. బిళ్ళ వాపస్ రానిది ల్యాంపు రూంల ఎవ్వలం ఇంటికి పోం. మాకు అలవాటే. చూద్దాం అనేది జవాబు కాదు. ఇస్తరా, ఇయ్యరా, ఆ లోపు చెప్పుండ్రి.